కూతురికి నెల, తండ్రికి పూట

మా నాన్న పాతబస్తీలో ఒక చిన్న గుడికి పూజారి. ఎవరొచ్చినా ముందు గోత్రం అడిగేవాడు. నేను కళ్ల డాక్టర్నయ్యాక ఎవరొచ్చినా ముందు వయసు అడిగేదాన్ని. గోత్రం అడిగితే భక్తులు సంతోషంగా చెప్పేవాళ్లు. వయసు అడిగితే మాత్రం మగవాళ్లు గొంతు సవరించుకునేవాళ్లు, ఆడవాళ్లు నా మొహం కేసి అదోలా చూసేవాళ్లు.

నేను రిటైరయ్యాక, మా ఆసుపత్రిలో రెటీనా విభాగంలో కొత్తగా చేరిన పిల్లలు "మీ అనుభవాలు రాయండి మేడం" అన్నారు. అడిగినవాళ్లు చదవరని నాకు తెలుసు. వాళ్లు ఫోనులో వీడియో చూసి ఆపరేషన్ నేర్చుకునే తరం. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇప్పుడు నాకు వేరే పని లేదు. నాకు ఏ పదవి ఎప్పుడొచ్చింది, ఎవరు అడ్డుపడ్డారు అన్నవి రాయను. అడ్డుపడ్డవాళ్లలో ఇద్దరికి తర్వాత నేనే కళ్లు చూశాను. చుక్కలు వేసి రెండు గంటలు బయట బెంచీ మీద కూర్చోబెట్టాను, అక్కడితో లెక్క సరిపోయింది.

ఒక పేరు, రెండు జబ్బులు

కంటి లోపల వెనక గోడకు అతుక్కుని ఒక పల్చటి పొర ఉంటుంది. అదే రెటీనా. మన బస్తీలో దాన్ని పరదా అంటారు. ఆ పొరకు చిల్లు పడి, చిల్లులోంచి నీరు దాని వెనక్కి చేరితే, పొర గోడ నుంచి ఊడి వస్తుంది. ఊడినంత మేర చూపు పోతుంది. పుస్తకంలో దీనికి ఒకే పేరు, ఒకే అధ్యాయం. ముప్పై ఏళ్లకు పైగా చూసిన తర్వాత నాకు అనిపించేదేమంటే, ఇవి రెండు వేర్వేరు జబ్బులు. ఒకే పేరు పెట్టుకుని తిరుగుతున్నాయి, మనల్ని మోసం చేస్తున్నాయి.

కంటి నడుమ జెల్లీ లాంటి పదార్థం నిండి ఉంటుంది. పాతికేళ్ల వయసులో అది గడ్డపెరుగులా ఉంటుంది. అరవై దాటేసరికి ఆ పెరుగు విరిగి నీళ్లు తేలుతుంది, మిగిలిన గడ్డ కుదించుకుపోతుంది. కుదించుకునేటప్పుడు ఊరికే పోదు, అతుక్కున్న చోట పరదాను పట్టి లాగి చింపుతుంది. ఎక్కువగా పై భాగంలోనే చింపుతుంది. అప్పుడు కళ్ల ముందు నల్ల చుక్కలు, పక్కన మెరుపులు. ఇక లోపల నీళ్లకు కొదవలేదు కాబట్టి చినుగులోంచి దూసుకుపోతాయి. పై నుంచి కిందికి పని కనుక వాటికి శ్రమ కూడా లేదు. ఒకటి రెండు రోజుల్లో, ఒక్కోసారి పూటలో, పొర జారిపోతుంది. శుక్లం ఆపరేషన్ అయిన కన్నయితే ఇంకా తొందర.

చిన్న వయసువాళ్లకు ఇలా ఉండదు. చిల్లు చిన్నగా, గుండ్రంగా ఉంటుంది. మైనస్ పవర్ అద్దాలవాళ్లకు ఎక్కువ, చాలాసార్లు కింది భాగంలో. గడ్డపెరుగు చిల్లుకు అడ్డంగా కూర్చుంటుంది కాబట్టి నీరు బొట్టు బొట్టుగా ఊరుతుంది. చుక్కలు ఉండవు, మెరుపులు ఉండవు. నెలలు గడిచినా మనిషికి తెలియదు. ఇంకా చిన్న పిల్లలైతే, బంతి తగిలి ఊడినా ఇంట్లో చెప్పరు, బంతి లాక్కుంటారని భయం.

ఇంకో సంగతి గుర్తుంచుకోండి. కంట్లో బొమ్మ తలకిందులుగా పడుతుంది. పై పొర ఊడితే కింద ఉన్నవి కనబడవు, కింది పొర ఊడితే పైన ఉన్నవి కనబడవు. ఈ సంగతి పరీక్షలో అందరూ రాస్తారు. పేషెంటు ఎదురుగా కూర్చుంటే సగంమంది మరిచిపోతారు.

మా పెద్ద డాక్టరుగారు

ఈ పాఠం నాకు నేర్పింది మా పెద్ద డాక్టరుగారు. మహా కోపిష్టి, అంతకన్నా మహా నేర్పరి. పేషెంటు గదిలోకి రాగానే వయసు, అద్దాల పవర్ అడిగి, కన్ను చూడకుండానే గాలిలో వేలితో గుండ్రం గీసి "చిల్లు ఇక్కడుంటుంది చూడు" అనేవారు. చాలాసార్లు అక్కడే ఉండేది. లేకపోతే "ఈ పేషెంటు వయసు తప్పు చెప్పాడు" అనేవారు. ఒకటి రెండుసార్లు అది కూడా నిజమే అయింది.

అలాంటి మనిషి కూడా ఒక చోట బోల్తా పడ్డారు. కంటి లోపలికి పోయి జెల్లీని కత్తిరించి తీసేసే కొత్త మిషను మా ఆసుపత్రికి వచ్చింది. దానికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. ఆ ఏడాది మా ఆసుపత్రిలో పేషెంట్లందరికీ ఒకటే వయసు అయిపోయింది. అరవైలవాళ్లకు అది వరమే. కానీ ఇరవై ఏళ్ల కుర్రాడొకడికి, కంటి చుట్టూ బయటి నుంచి సిలికాన్ బెల్ట్ వేస్తే సరిపోయేదానికి, పెద్దాయన మిషనే పెట్టారు. ఆ వయసులో జెల్లీ పరదాను వదలదు. లాగినకొద్దీ కొత్త చిల్లులు పడ్డాయి. రెండుసార్లు మళ్లీ ఆపరేషన్ చేసినా చూపు సగం కూడా నిలవలేదు. ఆ రోజుల్లో ఎవరూ ఏమీ అనలేదు, ఆయనకు ఎదురు చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేదు. ఆయనే మూడు వారాలు మిషను గదిలోకి పోలేదు. తర్వాత నన్ను పిలిచి, "నేను అందరికీ చెప్పే ముక్క నేనే మరిచిపోయిన. నువ్వు రాసుకో" అన్నారు. నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. ఆ కుర్రాడి మీద జాలి ఇప్పటికీ ఉంది.

సమీనా

నేను రిటైరవడానికి మూడు నాలుగేళ్ల ముందు సమీనా వచ్చింది. ఇరవై మూడేళ్లు. ఫలక్‌నుమాలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. కొత్త అద్దాలకని కళ్లజోళ్ల దుకాణానికి పోతే, వాళ్లకు అనుమానమొచ్చి మా దగ్గరికి పంపారు. చూస్తే ఒక కంట్లో కింది పరదా చాలా మేర ఊడి ఉంది. వాన నీళ్లు నిలిచి ఇంకిన గోడ మీద చార మిగులుతుంది చూడండి, అలాంటి చార ఊడిన చోటి అంచున ఉంది. అంటే నెలల తరబడి అక్కడే ఆగి ఉందన్నమాట.

"పైన ఏమన్నా నీడగా ఉంటుందా అమ్మా?" అని అడిగాను.

"పైకి ఎప్పుడు చూస్త మేడం? పొద్దంత పేపర్లు, రాత్రంత పేపర్లు" అంది.

పక్కన వాళ్ల నాన్న పాషా భాయ్. యాకుత్‌పురా స్టేషను వెనక గల్లీలో ఇల్లు. మేడ మీద పావురాలు పెంచుతాడు, వాటిని ఎగరేసి పందేలు ఆడతాడు. భార్య పోయాక కూతురే ఇంటి పెద్ద. బిడ్డ కన్ను పోతుందని విని టోపీ చేతిలో నలుపుకుంటూ ఏడుస్తున్నాడు. నేను ఆయనకు ధైర్యం చెప్పడానికి, "ఫికర్ చేయకండి పాషా భాయ్. దీనికేం తొందర లేదు. పరీక్షలైపోనివ్వండి, పేపర్లు దిద్దుకోనివ్వండి. నెల లోపల వస్తే చాలు" అన్నాను. ఆ కంటికి, ఆ వయసుకు అది సరైన మాటే. నెలకు వచ్చింది, బెల్ట్ వేశాను, పరదా అతుక్కుంది. పాషా భాయ్ గల్లీ అంతా మిఠాయి పంచి, "పరదా బీమారీకి జల్దీ లేదు, డాక్టరమ్మ చెప్పింది" అని కూడా పంచాడని నాకు తర్వాత తెలిసింది.

గుంపులో ఎక్కువైన పావురం

రెండేళ్ల తర్వాత ఒక గురువారం ఉదయం పాషా భాయ్‌ని చెయ్యి పట్టుకుని యాదగిరి తీసుకొచ్చాడు. యాదగిరి వాళ్ల పక్క మేడ ఆసామి. ఆయనకూ పావురాలున్నాయి. ఇద్దరూ ముప్పై ఏళ్లుగా ప్రత్యర్థులు. ఈ పందెంలో ఒక నియమం ఉంది. అవతలివాడి పావురం దారి తప్పి మన గుంపులో కలిసి మన మేడ మీద దిగితే అది మనదే. అంతకన్నా గొప్ప గెలుపు లేదు, అంతకన్నా పెద్ద అవమానమూ లేదు.

"వారం సంది ఈయనతోని లొల్లి అమ్మా" అన్నాడు యాదగిరి. "'నీ నల్లది నా గుంపుల కలిసింది, ఇగ అది నాది' అంటడు. నా దగ్గర నల్లదే లేదు. ఉన్నయన్ని తెల్లయి, బూడిద రంగువి. నేను చూస్తే ఆకాశంల నల్లది కనవడది. ఈయనకు కనవడ్తది. గల్లీలందరికి నేను ఓడిపోయినని చెప్పిండు. లేని పావురాన్ని పోగొట్టుకున్నోన్ని నేనే ఉంటనేమో!"

"మరి ఆసుపత్రికెందుకు తెచ్చావు?"

"ఇయ్యాల పొద్దుగాల మెట్లు దిగుతుంటే కింది మెట్టు కనవడక జారిండు. మీద మాత్రం మస్తు కనవడ్తుందట. గప్పుడు నాకు డౌటొచ్చింది."

పాషా భాయ్‌కి అరవై నాలుగేళ్లు. ఏడాది కిందట కుడి కంటికి శుక్లం ఆపరేషన్ ఎక్కడో చేయించుకున్నాడు. నల్ల పావురం ఆ కంట్లోనే ఎగురుతోంది. సాయంత్రాలు మెరుపులు కూడా వస్తున్నాయట, పక్కనున్న ఫంక్షన్ హాలు లైట్లనుకున్నాడు. చుక్కలు వేసి చూశాను. పై భాగంలో గుర్రపు నాడాలా పెద్ద చినుగు. పొర ఉబ్బి, దుప్పటి మడతలా కిందికి వేలాడుతోంది. నడిమధ్య చూపుండే చోటికి ఇంకా రాలేదు, కానీ దారిలో ఉంది. పైకి తప్ప చూడని మనిషికి కింది చూపు పోయింది. కిందికి తప్ప చూడని కూతురికి పై చూపు పోయింది. ఆ ఇంటికి ఈ జబ్బు బాగా ఆలోచించుకునే వచ్చినట్టుంది.

"ఇవాళే ఆపరేషన్ చేయాలి" అన్నాను.

"నక్కో డాక్టరమ్మా. ఆదివారం మా పోటీ ఉంది. సోమవారం పొద్దుగాల్నే నేనే వస్త. కోయండి, కుట్టండి, మీ ఇష్టం."

"సోమవారానికి కుట్టడానికి ఏమీ మిగలదు పాషా భాయ్."

ఆయన నన్ను చూసి జాలిగా నవ్వాడు. "మా సమీనాకు ఏం చెప్పిన్రు? తొందర లేదు, నెల లోపల రమ్మన్నరా లేదా? నేను గీ కుర్సీ మీదనే కూసున్న. గీ చెవులతోనే విన్న. బిడ్డ కన్ను ఫస్ట్‌క్లాస్ అయింది. అదే బీమారీ, అదే ఖాన్‌దాన్, మీరే డాక్టర్. నాకేమో ఇయ్యాల్నే అంటరు. ముసలోన్నని బెదిరిస్తున్నరా?"

చెప్పిన మాటను పొల్లుపోకుండా గుర్తుపెట్టుకునే పేషెంటు కోసం ఉద్యోగమంతా ఎదురుచూశాను. చివరికి దొరికాడు, వేరే కంటికి చెప్పిన మాటతో. పెరుగు గురించి చెప్పాను, నీళ్ల గురించి చెప్పాను, కాగితం మీద బొమ్మ గీశాను. ఆయన బొమ్మను మెచ్చుకున్నాడు. "మస్తు గీసిన్రు. ఆదివారం అయినంక ఇదే చేద్దాం" అన్నాడు.

యాదగిరి కల్పించుకున్నాడు. "పాషా, నువ్వు పండుకో. నువ్వొచ్చే దాక నావి గూడ ఎగరెయ్య. ఒట్టు."

పాషా భాయ్ మొహం వెలిగిపోయింది. "చూసిన్రా అమ్మా? ఈయన పావురాలు తయార్ లేవు. గందుకే నన్ను పండవెడ్తున్నడు."

నిజం చెప్తున్నాను, నాకు ఏడుపొచ్చినంత పని అయింది. ఒక మంచి కన్ను నా చేతుల్లోంచి జారిపోతోంది, దాన్ని జార్చుతున్నది నేను చెప్పిన ధైర్యమే. పిల్లలూ, మీకు చెప్పదలచుకున్న ఒకే ఒక్క ముక్క ఇది. "తొందర లేదు" అని ఎవరికైనా చెప్తే, పక్కనే "ఇది మీ వయసుకు, మీ కంటికి మాత్రమే" అని కూడా చెప్పండి. మందుచీటీ మీద పేరు ఉంటుంది. నోటి మాట మీద ఎవరి పేరూ ఉండదు, ఇంటికి పోగానే అందరూ వాడుకుంటారు.

బలవంతంగా కోయలేం కదా. సంతకం ఆయనే పెట్టాలి. థియేటర్లో ఇంకో కేసు నా కోసం ఎదురుచూస్తోంది. ఆయన్ను వార్డులో వెల్లకిలా పడుకోమని, కదలొద్దని చెప్పాను. సమీనాకు ఫోన్ చేయించాను.

రెండోసారి చూడడం

నేను థియేటర్లోకి పోబోతుండగా సమీనా వచ్చింది. బడి నుంచి నేరుగా వచ్చినట్టుంది, వేళ్లకు చాక్‌పీసు పొడి అలాగే ఉంది. సంగతి రెండు మాటల్లో చెప్పాను. నన్ను ఏమీ అడగలేదు. తండ్రి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, ఆయన ఎడమ కన్ను తన అరచేత్తో మూసింది. ఇంట్లో వాళ్లది ఉర్దూ. నేను వింటున్నానని కాబోలు, తండ్రిని పిలిచే 'అబ్బా' తప్ప మిగతాదంతా తెలుగులోనే అడిగింది.

"అబ్బా, నా అద్దాలనే చూడు. కన్ను తిప్పకు. ఏమేం కనవడ్తుంది?"

"నెత్తి మీద దుపట్టా. అద్దాలు. ముక్కు. మూతి లేదు." కాస్త ఆగి, "మంచిదే. తిట్లు కనవడయ్" అన్నాడు.

యాదగిరి నవ్వాడు, నేనూ నవ్వాను. సమీనా నవ్వలేదు.

నేను కేసు ముగించుకుని వచ్చేసరికి పాషా భాయ్ వార్డులో లేడు. వరండాలో బెంచీ మీద దర్జాగా కూర్చుని, యాదగిరితో చాయ్ తాగుతూ, నల్ల పావురం సంగతి తేలుస్తున్నాడు. కదలొద్దన్న మాట మాత్రం ఆయనకు వినబడలేదు. సమీనా ఆయన చేతిలోంచి గ్లాసు తీసుకుని పక్కన పెట్టింది. కుర్చీ మళ్లీ అంతే దూరంలో వేసుకుంది. మళ్లీ ఎడమ కన్ను మూసింది.

"నా అద్దాలనే చూడు. ఇప్పుడు?"

"దుపట్టా. అద్దాలు."

"ముక్కు?"

పాషా భాయ్ మెడ ముందుకు చాచాడు.

"అబ్బా, ముక్కు ఉన్నదా?"

"లేదు" అన్నాడు, చాలా మెల్లగా.

సమీనా చెయ్యి తీయలేదు. "నాది ఎన్ని నెలల సంది గట్లనే ఉన్నదో డాక్టరమ్మకు గూడ తెల్వదు. నేను ఆగిన అంటే అది ఆగింది గనుక ఆగిన. నీది చాయ్ తాగేలోపల నా ముక్కు తిన్నది. ఇంకో చాయ్ చెప్పాల్నా?"

ఆయన నా వైపు తిరిగాడు. మొదటిసారి ఆ మొహంలో భయం చూశాను. "ఇంక ఏం పోతది అమ్మా?"

"అద్దాలు. తర్వాత కళ్లు. నడిమధ్య చూపు ఒకసారి పోయిందంటే, పరదాను మళ్లీ అతికించినా ఈ మొహం ఇలా కనబడదు."

ఆయన కూతురు వైపు చూశాడు. తర్వాత లాల్చీ జేబులోంచి గుప్పెడు జొన్నలు తీసి యాదగిరి చేతిలో పోశాడు. "పొద్దుగాల, మాపటికి వెయ్యి. నావి నీ గుంపుల కలుపుకోకు."

"నీ నల్లదానికి గూడ వేస్త, పో" అన్నాడు యాదగిరి.

సంతకం పెట్టేటప్పుడు కింది గీత కనబడక, కాగితాన్ని పైకెత్తి పట్టుకుని పెట్టాడు. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశాం. నేను లోపలికి పోయేసరికి నీరు నడిమధ్య అంచుకు వచ్చి ఉంది, దాటిందో లేదో తేల్చి చెప్పలేకపోయాను. జెల్లీ తీసి, నీరు లాగేసి, చినుగు చుట్టూ లేజర్ పెట్టి, కంట్లో గ్యాస్ నింపాను. కూతురికి చేసింది ఒకటి, ఈయనకు చేసింది ఇంకొకటి. ఆ సంగతి ఈసారి ఇద్దరికీ, యాదగిరికీ, వార్డులో ఉన్నవాళ్లందరికీ గట్టిగా చెప్పాను.

గ్యాస్ ఉన్నన్నాళ్లు వెల్లకిలా పడుకోకూడదు, తల ఎత్తి పైకి చూడకూడదు. అంటే పాషా భాయ్‌కి ఆకాశం బంద్. మేడ మీద తల వంచుకుని కూర్చుని, రెక్కల చప్పుడు వింటూ గడిపాడట. ఆదివారం యాదగిరి ఎగరేయలేదు. పాషా భాయ్ ఇప్పటికీ అది యాదగిరి పావురాల చేతకానితనమనే అంటాడు.

గ్యాస్ బుడగ తగ్గేకొద్దీ చూపు పై నుంచి కిందికి తెరుచుకుంటుంది. అది పూర్తిగా కరిగాక చూపించుకోవడానికి వచ్చారు. పరదా చక్కగా అతుక్కుని ఉంది. కానీ అతుక్కోవడం వేరు, కనబడడం వేరు. గోడ మీది అక్షరాలు చదివిద్దామని నేను లేచేలోపల సమీనా కుర్చీ లాక్కుని తండ్రి ఎదురుగా కూర్చుంది. అరచెయ్యి ఎడమ కంటి మీద పెట్టింది.

"చెప్పు."

"దుపట్టా" అన్నాడు. "అద్దాలు. కొత్తయి, నాకు చెప్పలే." ఊపిరి తీసుకున్నాడు. "ముక్కు."

అక్కడ ఆగిపోయాడు. సమీనా చెయ్యి ఆయన కంటి మీద కొంచెం బిగుసుకుంది.

"ఇంక?" అంది.

"మూతి గూడ ఉంది. వణుకుతుంది. నవ్వుతున్నవా, ఏడుస్తున్నవా బేటీ? గది మాత్రం తెలుస్తలేదు."

నేనూ చూశాను. నా రెండు కళ్లూ బాగానే ఉన్నాయి. నాకూ తెలియలేదు.